దయ్యాల థీమ్ రెస్టారెంట్: కొరివి దయ్యం వేపుడుకి ఐదుకి ఐదు, బాణామతి బోటీ మాత్రం తీసేయండి బాబూ

హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల వైపు కొత్తగా పెట్టిన దయ్యాల థీమ్ రెస్టారెంట్ గురించి ఇది. పేరు రాయట్లేదు, ఎందుకంటే పొగడ్తలతో పాటు గట్టి చీవాట్లు కూడా ఉన్నాయి, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఎలాగూ రెండో పేరాకల్లా కనిపెట్టేస్తారు. జైలు థీమ్ హోటళ్ళు చూశాం, బొమ్మ రైలు మీద ప్లేట్లొచ్చే హోటళ్ళు చూశాం, ఇప్పుడు దయ్యాల వంతు వచ్చింది. వెళ్ళింది నేను, మా ఆయన, మా ఎనిమిదేళ్ళ వాడు, జగిత్యాల నుంచి వచ్చిన మా అత్తమ్మ. నేనేమో కోనసీమ దాన్ని. అంటే హోటల్ వాళ్ళ దయ్యాలు కాక మా టేబుల్‌కి మేమే రెండు జిల్లాల దయ్యాల్ని వెంటేసుకుని వెళ్ళామన్నమాట.

తీర్పు ముందే చెప్పేస్తా. వంట బాగుంది, ధైర్యంగా వెళ్ళొచ్చు. దయ్యాల సంగతే సగం సగం. మెనూ మొత్తం తెలుగు పేర్లు పెట్టారు, అదే ఈ హోటల్‌కి ప్రాణం, కొన్ని పేర్లు చూస్తే ఇది ఎవడో చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన మంచమేసుకుని కథలు విన్నవాడి పనే అని తెలిసిపోతుంది, కొన్నిచోట్ల మాత్రం వినడానికి భయంగా ఉన్న మాట ఏది దొరికితే అది తీసుకొచ్చి తగిలించేశారు. మనకి దయ్యం అంటే ఒకటే సరుకు కాదు కదండీ. ఏది ఏ చెట్టు మీదుంటుంది, ఏ వేళప్పుడు తిరుగుతుంది, అది పడుతుందా సోకుతుందా పూనుతుందా, ఏం చేస్తే పోతుంది, అన్నీ వేరువేరు. ఆ తేడా తెలిసి పేరు పెట్టిన ఐటమ్స్ అన్నీ అదిరాయి, తెలీకుండా పెట్టినవి తేలిపోయాయి, విచిత్రంగా రుచి కూడా అదే లెక్కన ఉంది.

గుమ్మం దగ్గరే మొదలవుతుంది. పాత చెక్క తలుపు, దాని మీద సుద్దముక్కతో "ఓ స్రీ రేపు రా". మావాడు చదివి "అమ్మా స్పెల్లింగ్ మిస్టేక్" అన్నాడు. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే తొంభైల్లో మా వీధిలో ఇంటింటికీ రాసింది కూడా ఇలాగే ఉండేది, సగం తలుపుల మీద త ఒత్తు ఉండదు, ఒకాయనైతే ఏకంగా "ఓ ఇస్త్రీ రేపు రా" అని రాశాడు. అప్పుడు పుట్టనివాళ్ళ కోసం చెప్తున్నా, రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి మనకి తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికామా ఇక అంతే సంగతులని, తలుపు మీద ఇలా రాసిపెడితే చదువుకుని వెనక్కిపోయి మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ అదే చదువుకుంటుందని చెప్పుకునేవాళ్ళు. కర్ణాటకలో కూడా ఇదే గోల, అక్కడ "నాళె బా" అని రాసేవాళ్ళు. తెలుగు రాని దయ్యం వస్తే ఏంటని అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇక్కడ గుమ్మం దగ్గర కుర్రాడు వచ్చిన ఆడవాళ్ళందర్నీ ఆపి "మేడమ్ రేపు రండి" అంటాడు, అందరూ నవ్వి లోపలికెళ్తారు. మా అత్తమ్మ నవ్వలేదు. "రేపెందుకురా, ఇయ్యాల్టికే బుక్ చేసినం కదా" అని నిలదీసింది, పాపం వాడు స్క్రిప్ట్ మర్చిపోయి దారిచ్చేశాడు.

లోపల అంతా ఎర్ర లైట్లు, ప్లాస్టిక్ సాలెగూళ్ళు, కళ్ళూ పళ్ళూ చెక్కిన అమెరికా గుమ్మడికాయలు. ఇవెందుకో నాకర్థం కాలేదు. మనకి గుమ్మడికాయ దయ్యం బొమ్మ కాదు, దయ్యానికి విరుగుడు. అసలు మజా క్యాష్ కౌంటర్ దగ్గరుంది చూడండి, పైన నిజం బూడిద గుమ్మడికాయ ఉట్టిలో కట్టి వేలాడుతోంది, పసుపు కుంకుమ బొట్లతో, దాని పక్కన దారానికి గుచ్చిన నిమ్మకాయ పచ్చిమిరపకాయలు, కింద గ్లాసు నీళ్ళలో ఇంకో నిమ్మకాయ. అవి డెకరేషన్ కాదు. మిరపకాయలు ఆ వారానివే, ఇంకా వాడలేదు. అంటే లోపల ఇన్ని దయ్యాల్ని పోషిస్తూ ఓనర్ గారు తన గల్లాపెట్టెకి మాత్రం దిష్టి తగలకుండా చూసుకుంటున్నారు. ఈ ఒక్క మూల చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

సౌండ్ మాత్రం మార్చాలి. తోడేళ్ళ ఊళలు, చర్చి గంటలు, ఇంగ్లీషు సినిమాల్లో కిర్రుమనే తలుపులు. కోనసీమలో తోడేలు ఎక్కడిదండీ. రాత్రి రెండింటికి కుక్క ఏడుపు పెట్టండి, తీతువు పిట్ట కూత పెట్టండి, దూరంగా గజ్జెల చప్పుడు ఒక్కసారి వినిపించి ఆపేయండి, అప్పుడు చూడండి మా తరం వాళ్ళు కుర్చీలోంచి లేస్తారో లేదో.

మెనూ కార్డు తాటాకు కట్టలా చేశారు, బాగుంది, కానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి, పైగా చీకటి. అందుకని ప్రతి టేబుల్ మీదా ఒక భూతద్దం పెట్టారు, గొలుసుతో కట్టి. మొదట విసుక్కున్నా కానీ పడి పడి నవ్వాను. భూతం అనే మాటని మనం రోజూ వాడేది అసలు దీనికేగా. ఇంట్లో గొడవైతే "ప్రతిదీ భూతద్దంలో పెట్టి చూడకు" అంటాం, ఇక మిగతాదంతా పేపర్ వాళ్ళ సొత్తు, కాలుష్య భూతం, కట్నం భూతం. భూతం అంటే ఎవరూ భయపడ్డం లేదు గానీ ఆ మాట లేకపోతే హెడ్డింగులు నడవవు. మా ఆయన భూతద్దం పెట్టి ముందు కుడిచేతి వైపు రేట్లు చదివి "ఇది కరెక్టుగానే పెట్టిండ్రు" అన్నాడు.

ఇక తిండి.

కొరివి దయ్యం కోడి వేపుడు. ఇది ఆర్డర్ చెయ్యకుండా వస్తే వెళ్ళి దండగ. లైట్లు మొత్తం ఆర్పేస్తారు, వంటింటి వైపు నుంచి చిన్న మంట ఒకటి గాల్లో తేలుతూ వస్తుంది, మధ్యలో ఆరిపోతుంది, ఇంకోచోట వెలుగుతుంది, మళ్ళీ ఆరిపోతుంది, ఎటు నుంచి వస్తోందో తెలీదు, చివరికి మన టేబుల్ పక్కనే భగ్గుమంటుంది. కొరివి దయ్యం అంటే అచ్చం అదే కదా. పొలాల్లో నీళ్ళకెళ్ళినవాళ్ళు చెప్పేవాళ్ళు, అర్ధరాత్రి దూరంగా మంట కనపడుతుంది, దగ్గరికెళ్తే ఉండదు, వెనక్కి తిరిగితే ఇంకోవైపు వెలుగుతుంది, దాన్ని నమ్ముకుని నడిస్తే తెల్లారేదాకా అదే పొలంలో తిప్పుతుందని. చిత్తడి నేలల్లో పుట్టే గ్యాసు అంటుకుని అలా వెలుగుతుందని మా సైన్సు మాస్టారు చెప్పారు, ఆయన కూడా రాత్రి ఆ గట్టు మీదుగా వెళ్ళేవారు కాదు, అది వేరే సంగతి. ఎవడికి వచ్చిందో గానీ ఐడియా సూపర్. వంటవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు, వేపుడు మసాలాలో కొరివి కారం వేశారు, అదే, పండుమిరపకాయలు చింతపండు వేసి రోట్లో తొక్కే పచ్చడి. పేరుకి పేరు, కారానికి కారం. ముక్క పైన కరకర, లోపల మెత్తగా, కరివేపాకు దండిగా, నాలిక మీద మంట నెమ్మదిగా ఎక్కుతుంది, ఒకేసారి కొట్టదు. మా అత్తమ్మ రెండోసారి వేయించుకుంది, ఆమె నోటి నుంచి ఏదీ బాగుందని రాదు, రెండోసారి వేయించుకోవడమే సర్టిఫికెట్టు.

గాలి సోడా తెప్పించుకున్నాం కారానికి. గోలీ సోడానే, గోలీ బదులు గాలి అని రాశారంతే, నాకు ఈ జోక్ మెనూ మొత్తంలో బాగా నచ్చింది. గాలి అంటే మా అమ్మమ్మ వాడే మాట. దయ్యం అని నోరారా అనేది కాదు, అంటే వింటుందని, "పిల్లకి ఏదో గాలి సోకింది" అనేది. పొద్దుగూకేవేళ చింతచెట్టు కిందనుంచి వచ్చానా, జ్వరం తగిలిందా, అది గాలే. ఉప్పూ మిరపకాయలూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తే, ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఇప్పుడు గాలి సోకింది అనేవాళ్ళు తగ్గారు గానీ ఆ సోకడం ఎక్కడికీ పోలేదు, 2020లో టీవీలన్నీ కరోనా సోకింది కరోనా సోకింది అని పొద్దస్తమానం చెప్పాయి కదా. దానికి తోడు మహమ్మారి. ఒకప్పుడు మశూచి, కలరా లాంటివి ఊరి మీద పడితే ఆ అమ్మని తలుచుకుని భయపడి ఊరి పొలిమేర దాటించడానికి జాతర చేసేవాళ్ళు, ఇప్పుడు అదే పేరు డాక్టర్లు ప్రెస్ మీట్‌లో చెప్తారు. చికెన్‌పాక్స్ వస్తే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కూడా లీవ్ మెయిల్‌లో చికెన్‌పాక్స్ అని రాసి ఇంట్లో మాత్రం అమ్మవారు పోసింది అనే అంటాడు. సోడా గురించి చెప్పడం మర్చిపోయా, నిమ్మ ఉప్పు బాగా పడ్డాయి, చల్లదనం చాల్లేదు.

మోహిని అనే గులాబీ రంగు డ్రింకు మాత్రం వద్దు. రోజ్ మిల్క్ పొడవాటి గ్లాసులో పోసి మల్లెపువ్వు పెట్టి 280 రూపాయలు. దానికి తోడు ఆ గ్లాసు తెచ్చే అమ్మాయికి తెల్లచీర కట్టి నల్లలిప్‌స్టిక్ పెట్టారు. మోహినీ పిశాచం ముచ్చటగా ఉండాలండీ, అందుకేగా దారినపోయేవాడు మాయలో పడేది, భయపెట్టే మొహం ఉంటే ఎవడు ఆగుతాడు. పాదాలు వెనక్కి తిరిగుంటాయి, అది చూశాకే వాడికి తెలిసేది. మా వైపు ర్యాలి గుళ్ళో జగన్మోహినీ కేశవస్వామి ఉంటాడు, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కెళ్ళి చూస్తే జడ వేసుకున్న మోహిని, ఆ శిల్పం చూసి పెరిగినదాన్ని నాకీ నల్లలిప్‌స్టిక్ మోహిని ఎక్కలేదు.

ఆ అమ్మాయి మాత్రం బంగారం. మెళ్ళో సన్నగా శిలువ గొలుసు, జుట్టు విరబోసుకుని పళ్ళేలు మోస్తోంది. మా అత్తమ్మ అడిగింది, "ఏం బిడ్డా, గిట్ల జుట్టిరబోసుకుని తిరుగుతే మీ ఇంట్ల ఏమనరా" అని. "అమ్మ తిడుతుందండి, ఆదివారం చర్చిలో పాస్టర్ గారు దయ్యాల్ని వెళ్ళగొడతారు, నువ్వేమో మిగతా ఆరు రోజులు దయ్యం వేషం వేస్తావా అంటుంది" అని నవ్వేసింది. వాళ్ళ ప్రార్థనల్లో కూడా దయ్యమే, అపవిత్రాత్మ అనీ దురాత్మ అనీ ఇంకో రెండు పేర్లు. పక్కన వాటర్ బాటిల్ పెడుతున్న కుర్రాడు "మా వైపు జిన్ అంటాం ఆంటీ, మంచి జిన్నులు కూడా ఉంటాయ్" అని మాట కలిపాడు. ఆ ఐదు నిమిషాల కబుర్లు ఆ హోటల్ డెకరేషన్ మొత్తానికంటే బాగున్నాయి. సర్వీసుకి ఫుల్ మార్కులు ఇక్కడే ఇచ్చేస్తున్నా.

బ్రహ్మరాక్షసి థాలీ. శాకాహారం. ఇదీ తెలిసినవాడి పనే, ఎందుకంటే బాగా చదువుకుని ఆ చదువుని పాడుచేసుకున్న బ్రాహ్మడు చచ్చి బ్రహ్మరాక్షసుడవుతాడని కదా కథ, రావిచెట్టు మీదుంటాడు, మంత్రాలు మనకంటే బాగా వచ్చు కాబట్టి మామూలు మంత్రగాడి వల్ల కాదు, వాడితో వాదనలో గెలవాలి. ఇప్పుడు ఆ మాట అత్తాకోడళ్ళ సీరియల్స్‌లో తిట్టుగా మిగిలిపోయింది. థాలీలో పనసపొట్టు ఆవకూర ఉంది, నమ్మండి, హైదరాబాద్‌లో దుకాణంలో దొరికే డబ్బా పనస కాదు, సన్నగా కొట్టిన పొట్టు, ఆవఘాటు ముక్కుకెక్కింది. కందిపొడి, నెయ్యి, దప్పళం కూడా. దప్పళంలో వెల్లుల్లి వేశారు, ఏ బ్రహ్మరాక్షసుడూ ఒప్పుకోడు దానికి, కానీ నేను ఒప్పుకున్నా.

రాకాసి బొగ్గు కబాబ్ దగ్గర మా ఆయనకి తిక్కరేగింది. "రాక్షసి బొగ్గంటే సింగరేణి బొగ్గే, దాని మీద కబాబ్ కాలిస్తే తింటరా ఎవరన్నా, పొగకే సస్తరు" అని మేనేజర్‌ని పిలిచి మరీ చెప్పాడు, వాళ్ళ మేనమామ గోదావరిఖనిలో పనిచేశాడు మరి. మేనేజర్ కంగారుపడి మాది కట్టెబొగ్గేనండి పేరు ఊరికే పెట్టాం అన్నాడు. కబాబ్ కొంచెం ఎండిపోయింది. కానీ రాక్షసుడంత పనికొచ్చే మాట మనకి ఇంకోటి లేదు, భూమిలోంచి తీసిన బొగ్గు రాక్షసి బొగ్గు, డైనోసార్ రాక్షసబల్లి, సునామీ వస్తే పేపర్లో రాకాసి అలలు, ఆదివారం కూడా ల్యాప్‌టాప్ మూయనివాడు పని రాక్షసుడు, చివరికి ముద్దొచ్చిన పెళ్ళాం కూడా రాక్షసే. నన్నంటాడు కదా, అందుకే తెలుసు.

శాకినీ ఢాకినీ బిర్యానీ అంటే ఒకే హండీలో మధ్యలో అడ్డుగోడ పెట్టి ఒకవైపు చికెన్ ఒకవైపు మటన్. సరదాగా ఉంది, మటన్ వైపు బాగుంది. ఎప్పుడూ జంటగా తిరిగే ఇద్దరు ఆడవాళ్ళని ఆఫీసులో ఇలాగే పిలుస్తారు, వాళ్ళెవరో నేను చెప్పను. ఢాకిని టిబెట్ బౌద్ధుల దగ్గర పూజలందుకునే దేవత అని చెప్తే ఆ ఇద్దరూ కాస్త శాంతిస్తారేమో.

ఇప్పుడు చీవాట్లు.

పూనకం పులావ్ మీద నాకు పెద్ద కోపం లేదు, పైన "పూనకాలు లోడింగ్" అని నియాన్ బోర్డు పెట్టారు, ఆ మాట ఫ్యాన్స్ నోట్లో నానిపోయింది, థియేటర్లో కాగితాలు ఎగరేసే ప్రతివాడికీ పూనకమే. కానీ మా అత్తమ్మకి నచ్చలేదు. "పూనకం దయ్యాలల్ల ఎందుకు కలిపిండ్రు? దయ్యం పడ్తది, అమ్మ పూన్తది. దయ్యాన్ని యాపమండతోని కొట్టి పేరడుగుతరు, అమ్మకైతే ఆరతిచ్చి సాక పోసి ఏం గావాల్నో అడుగుతరు" అంది. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. వణుకు అదే, ఊగడం అదే, జుట్టు విరబోసుకోవడం అదే, కానీ ఒకదాన్ని వదిలించుకుంటాం, ఇంకోదాన్ని కాళ్ళు మొక్కి ఉండమంటాం. బోనాలప్పుడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుళ్ళో రంగం చూడండి, అమ్మ పూనిన ఆవిడ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంటే ఎదురుగా మంత్రులూ ఆఫీసర్లూ చేతులు కట్టుకుని నిలబడి వింటారు. దయ్యం మాట అలా ఎవరైనా వింటారా? అత్తమ్మ వాళ్ళ వైపు శిగమూగుడు అంటారు, శివసత్తులు ఊగుతారు. మనం మాత్రం బాస్ అరిస్తే శివాలెత్తిపోయాడు అంటాం, కుర్రాడు బండి స్పీడుగా నడిపితే ఆవేశం ఎక్కువ వీడికి అంటాం, ఆవేశం అంటే మొదట ఒంట్లోకి ఇంకోటి వచ్చి చేరడమే. ఆ మాటకొస్తే దయ్యం కూడా దైవం నుంచి వచ్చిన మాటే, పాత తెలుగులో దయ్యం అంటే దేవుడని కూడా అర్థం ఉండేది, కాబట్టి గీత ఎక్కడ గీయాలో పెద్దలకే కొంచెం తికమకగా ఉండేదేమో. అయినా అత్తమ్మ మాటే రైటు, పులావ్‌ని వేరే పేజీలోకి మార్చండి. ఉప్పు కూడా తగ్గించండి.

డెజర్ట్ల పేజీలో ఒక పేరు మీద స్టిక్కర్ అంటించారు, "క్రో బాల్స్" అని. మావాడు గోరుతో గీకాడు, కింద పాత పేరు బయటపడింది, కాకి పిండం. నువ్వుల లడ్డూలవి. ఎవరో గొడవపెట్టుకుని ఉంటారు, మంచి పని చేశారు. పేరు పెట్టినవాడికి తెలియాల్సింది ఏంటంటే మన ఇంట్లో చనిపోయినవాళ్ళు మనకి దయ్యాలు కారు. పెద్దలు. అత్తమ్మ వాళ్ళింట్లో పెత్రమాసకి, అదే మహాలయ అమావాస్యకి, పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. మా వైపు సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, తర్వాత మనం కట్టుకుంటాం. అన్యాయంగా చనిపోయిన ఆడకూతురు కూడా కొన్ని ఊళ్ళలో పేరంటాలమ్మ అయి గుడి కట్టించుకుని పసుపు కుంకుమలు తీసుకుంటోంది. ఎవరింటి చావు వాళ్ళకి పెద్దలు, పక్కింటి చావు దయ్యం, లోకం తీరు అదీ. లడ్డూ మాత్రం నిజంగా బాగుంది, బెల్లం పాకం సరిగ్గా కుదిరింది, స్టిక్కర్ పేరుతోనే తినేయండి.

బాణామతి బోటీ. దీనికి మాత్రం స్టిక్కర్ కూడా సరిపోదు, మొత్తం తీసేయాలి. ఆ ఐటమ్ పక్కన ముడతల మొహం ముసలమ్మ బొమ్మ, చేతిలో నిమ్మకాయలు, సూదులు. మెనూ చదువుతుంటే ఆ పేరు దగ్గర మా అత్తమ్మ ఆగిపోయింది. "గీ పేరు మీద మా దిక్కు ముసలోళ్ళ పండ్లు వీకిండ్రు బిడ్డా" అంది, ఇంకేం అనలేదు, ప్లేటు పక్కకి జరిపింది. కొరివి దయ్యానికీ బేతాళుడికీ దెబ్బ తగిలితే ఎవరికీ ఏమీ కాదు, వాళ్ళు లేరు కాబట్టి. బాణామతి, చేతబడి, మన్యం వైపు చిల్లంగి, ఇవి దయ్యాల పేర్లు కావు, పక్కింటి మనిషి మీద వేసే నింద. ఊళ్ళో ఎవరికో జ్వరం తగ్గకపోతే, గేదె చచ్చిపోతే, ఒంటరిగా ఉండే ముసలామె వైపు చెయ్యి చూపిస్తారు, ఆ తర్వాత చెట్టుకి కట్టేసి కొట్టిన వార్తలు, చంపేసిన వార్తలు ఇప్పటికీ జిల్లా ఎడిషన్లో వస్తూనే ఉన్నాయి. ఆ ముసలామెనే మీరు బొమ్మేసి బోటీ పక్కన పెట్టారు. నేను ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఇదంతా రాసిచ్చా, మేనేజర్ చదివాడు, నవ్వలేదు, "పైకి పంపిస్తా మేడమ్" అన్నాడు. పంపాడో లేదో మీలో ఎవరైనా వెళ్తే చూసి చెప్పండి.

పిల్లల మెనూలో బూచోడి నూడుల్స్ ఉన్నాయి. మావాడికి బూచోడంటే ఎవరో తెలీదు, "జాంబీయా?" అన్నాడు. అన్నం తినకపోతే బూచోడొస్తాడు అని మేం పెంచలేదు మరి, యూట్యూబ్ పెట్టి పెంచాం. ఆ బూచోణ్ణి ఇప్పుడు రాజకీయ నాయకులు దత్తత తీసుకున్నారు, అవతలి పార్టీని బూచిగా చూపించి ఓట్లడుగుతున్నారని ఒకళ్ళనొకళ్ళు అనుకోని ఎలక్షన్ లేదు, ఓడిన మర్నాడు సెంటర్లో దిష్టిబొమ్మ దగ్ధం. నూడుల్స్ మామూలే, కెచప్ ఎక్కువ.

బిల్లు దగ్గర మళ్ళీ మంచి ఆట ఉంది, బేతాళ ప్రశ్న. ఒకడు మూటలా మన కుర్చీ వెనక వేలాడి చెవిలో చిన్న కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలు, చెప్తే డెజర్ట్ ఫ్రీ. విక్రమార్కుడు, భుజం మీద శవం, చందమామ చదివిన మా తరానికి ఇక వేరే ఏం కావాలి. కథ కూడా పాత బాణీలోనే రాశారు, ఎవరిది ఎక్కువ త్యాగం అనే టైపు. మా ఆయనా నేనూ కొట్లాడుకుంటుంటే మావాడు జవాబు చెప్పేశాడు. ఈ బేతాళ కథలు ఉన్న పెద్ద కథల మూటకి మూలం శాతవాహనుల కాలంలో గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాశాడని చెప్తారు, రాజు పిశాచాల భాషలో రాసింది నాకెందుకు అంటే ఆయన అడవిలో కూర్చుని ఒక్కో ఆకూ జంతువులకి చదివి వినిపించి మంటలో వేశాడట, మిగిలిందే మనదాకా వచ్చిందట. ఆ సంగతి ఒక ముక్క మెనూ వెనక వేస్తే అమెరికా గుమ్మడికాయల ఖర్చు తగ్గుతుంది కదా.

నలుగురికీ కలిపి 3,200 అయింది, సర్వీస్ ఛార్జీ అడక్కుండా కలిపేశారు, అడిగితే తీసేశారు, కాబట్టి అడగండి. సాయంత్రం ఏడు తర్వాతే తెరుస్తారు, ఇది కూడా మార్చుకోవాలి, మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం పన్నెండు కూడా దయ్యాల టైమే, ఎండలో ఒక్క మనిషి లేని దారి అర్ధరాత్రి కంటే భయంగా ఉంటుంది, లంచ్ పెడితే నేను మొదటి బోణీ. శనాదివారాలు వెయిటింగ్ గంట దాటుతోంది, మామూలు రోజు వెళ్ళండి. చిన్నపిల్లలుంటే వంటింటికి దూరంగా ఉన్న టేబుల్ అడగండి, లైట్లు ఆర్పినప్పుడు పక్క టేబుల్ పాప ఏడుపు ఆపడానికి పావుగంట పట్టింది. పార్కింగ్ లేదు. వేపుడు పార్సిల్ ఇస్తారు, మంట రాదు, కారం మాత్రం అంతే వస్తుంది.